మాంసం లేని జెర్కీ: ఎండబెట్టడం ఎక్కడ ఆపాలి?

జెర్కీ అంటే ఉప్పూ మసాలా పట్టించి, నేరుగా నమిలి తినేలా ఎండబెట్టిన మాంసపు చీలికలు. దాన్ని మాంసం వాడకుండా ఇంట్లో చేసుకోవడం ఎలాగని వెతికినవారికి ఒకదానితో ఒకటి పొసగని సమాధానాలు దొరుకుతాయి. ఓవెన్‌లో గంటన్నర ఉంచితే సరిపోతుందని ఒకరు చెబితే, వేడి గాలితో ఆహారాన్ని ఎండబెట్టే డీహైడ్రేటర్‌లో రాత్రంతా ఆరాలని మరొకరు చెబుతారు. తయారైన ముక్కలను ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు తినేయాలని ఒకచోట ఉంటే, సీసాలో పోసి బయట పెట్టినా నెలల తరబడి చెడిపోవని ఇంకోచోట ఉంటుంది. సోయాతో చేసినదానికీ, పుట్టగొడుగులతో చేసినదానికీ, పనసతో చేసినదానికీ ఒకే పద్ధతి, ఒకే గడువు చెప్పేవారూ ఉన్నారు. ఈ సమాధానాల్లో చాలావరకు పూర్తిగా తప్పు కావు. ఒక్కొక్కటి ఒక్కో పదార్థానికి, ఒక్కో స్థాయి తడికి సరిపోయే మాట. ఏది దేనికి వర్తిస్తుందో తేల్చుకోవాలంటే, ఎండిన తర్వాత కూడా జెర్కీలో మిగిలిపోయే నీటి సంగతి ముందు తెలియాలి.

ఒరుగుకూ జెర్కీకీ మధ్య తేడా

జెర్కీ మూలాలు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతంలో ఉన్నాయి. అక్కడి కెచువా ప్రజలు లామా మాంసానికి ఉప్పు పట్టించి, పగటి ఎండకూ రాత్రి గడ్డకట్టించే చలికీ వదిలి ఎండబెట్టేవారు. ఆ వంటకమే రూపం మార్చుకుంటూ ఉత్తర అమెరికా చేరి, ఇప్పుడు అక్కడి పెట్రోలు బంకుల దుకాణాల్లో కూడా దొరికే చిరుతిండి అయింది. దక్షిణాఫ్రికా బిల్టాంగ్ దీనికి దగ్గరి చుట్టం. తెలుగువారికీ ఈ పని కొత్తది కాదు. తెలంగాణ పల్లెల్లో మాంసాన్ని పొడవైన చీలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద వేలాడదీసి ఎండు తునకలు చేసుకోవడం తరతరాలుగా ఉంది. కూరగాయల వైపు చూస్తే వంకాయ ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు, మామిడి ఒరుగులు, మజ్జిగ మిరపకాయలు ఉండనే ఉన్నాయి.

అయితే ఒక ముఖ్యమైన తేడాను గమనించాలి. ఒరుగు గలగలలాడేదాకా ఎండుతుంది. విరిస్తే పుటుక్కున విరగాలి, అప్పుడే డబ్బాకెత్తుతారు. తినే ముందు దాన్ని నూనెలో వేయిస్తారు, లేదా నానబెట్టి కూరలో వేస్తారు. ఎండు తునకలు కూడా ఎక్కువగా మళ్లీ ఉడికించేవే. జెర్కీని మాత్రం డబ్బా తెరిచి అలాగే నమలాలి. అందుకే అది పూర్తిగా ఎండకూడదు. వంచితే వంగాలి, పంటికి ఆనాలి, నమిలేకొద్దీ రుచి ఊరాలి. అంటే జెర్కీ తయారుచేసే వ్యక్తి కావాలనే కొంత తడిని లోపల మిగులుస్తాడు. ఒరుగు చేసేటప్పుడు ఎండబెట్టడం ఎక్కడ ఆపాలన్న ప్రశ్నే రాదు, ఎందుకంటే ఎంత ఎండితే అంత మంచిది. జెర్కీలో కష్టమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పైగా తయారీలో పొరపాటు జరిగి ఉంటే కాపాడే చివరి వేపుడో, ఉడికింపో కూడా ఇందులో ఉండదు.

శాకాహార జెర్కీ అంటే ఇదే ఆకృతినీ, ఇదే నమలడాన్నీ మాంసం లేకుండా సాధించే ప్రయత్నం. వ్యాపారంలో ఇది ఒడిదొడుకులు చూస్తోంది. బియాండ్ మీట్, పెప్సికో సంస్థలు కలిసి 2022లో బఠాణీ, పెసల ప్రోటీన్‌తో జెర్కీని అమెరికా మార్కెట్‌లోకి తెచ్చాయి. కొద్దికాలానికే దాన్ని ఆపివేస్తున్నట్లు బియాండ్ మీట్ ప్రకటించింది. అమెరికాలో పుట్టగొడుగుల జెర్కీ అమ్మే చిన్న సంస్థలు కూడా ఉన్నాయి. ఇంటి వంటగదిలో చేసుకునేవారికి ఫ్యాక్టరీ యంత్రాలు అందుబాటులో ఉండవు కనుక, వారి చేతిలో ఉండేవి ప్రధానంగా నాలుగే: సోయా ముక్కలు, టోఫు (సోయా పాలను విరగ్గొట్టి చేసే పనీర్ లాంటిది), గోధుమ గ్లూటెన్ (గోధుమలోని ప్రోటీన్), పుట్టగొడుగులు. పనస కాయ, వంకాయ, కొబ్బరి వీటి తర్వాత వస్తాయి.

తడి వేరు, సూక్ష్మజీవికి అందే నీరు వేరు

ఒక పదార్థంలో ఎంత నీరుందన్నది తేమ శాతం చెబుతుంది. ఆ నీటిలో ఎంత భాగం బ్యాక్టీరియాకు, బూజుకు వాడుకోవడానికి వీలుగా ఉందన్నది వేరే కొలత చెబుతుంది. ఆహార శాస్త్రంలో దాన్ని వాటర్ యాక్టివిటీ అంటారు. తెలుగులో జల క్రియాశీలత అనవచ్చు. దీనికి సున్నా నుంచి ఒకటి దాకా విలువలుంటాయి. స్వచ్ఛమైన నీటి విలువ 1. తాజా కూరగాయలది 0.97కు పైనే ఉంటుంది. తేనెలో ఆరో వంతుకు అటూ ఇటూ నీరున్నా దాని విలువ 0.6 దగ్గర ఉంటుంది, ఎందుకంటే ఆ నీటిని చక్కెర గట్టిగా పట్టి ఉంచుతుంది. తేనె బయట పెట్టినా పాడవకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

జెర్కీకి సంబంధించినంత వరకు కొన్ని మెట్లు గుర్తుంచుకోవాలి. బొట్యులినం విషాన్ని తయారుచేసే క్లోస్ట్రిడియం బ్యాక్టీరియా సుమారు 0.93 కంటే కింద పెరగలేదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ మొండిది, గాలి తగిలే చోట సుమారు 0.86 దాకా పెరగగలదు. అందుకే అనేక దేశాల ఆహార భద్రతా నియమాలు 0.85ను హద్దుగా తీసుకుంటాయి. మామూలు బూజుల్లో చాలావాటికి 0.80 దాకా చాలు, పొడి చోట కూడా బతికే కొన్ని రకాలకు అంతకన్నా తక్కువైనా ఫరవాలేదు. 0.60 కంటే దిగువన ఏ సూక్ష్మజీవీ పెరగదు. బాగా ఎండిన వడియం ఈ చివరి మెట్టుకు కింద ఉంటుంది. మాంసపు జెర్కీ సాధారణంగా 0.70 నుంచి 0.85 మధ్య ఉంటుంది. అంటే రోగకారక బ్యాక్టీరియా పెరగదు కానీ బూజు పట్టే అవకాశం మిగిలే ఉంటుంది.

ఈ విలువను తగ్గించే మార్గాలు రెండు. ఒకటి నీటిని బయటికి పంపడం. రెండోది మిగిలిన నీటిని ఉప్పుతో, బెల్లంతో, చక్కెరతో కట్టివేయడం. జెర్కీ ఈ రెండింటి కలయిక. కాబట్టి ఉప్పు తగ్గించి, బెల్లం తీసేసి, "ఆరోగ్యకరంగా" చేసిన జెర్కీని పాత వంటకంలో చెప్పినంతే ఎండబెట్టి, అదే గడువు దానికీ వర్తిస్తుందనుకోవడం పొరపాటు. రుచి కోసం వేసినట్లు కనిపించే పదార్థాలు నిల్వ పనిని కూడా మోస్తున్నాయి.

ఒక లెక్క: వంద గ్రాముల మీల్ మేకర్

మన కిరాణా కొట్లలో మీల్ మేకర్ పేరుతో దొరికే సోయా ముక్కలు నూనె తీసేసిన సోయా పిండితో తయారవుతాయి. వంద గ్రాములలో సుమారు 52 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, కొవ్వు దాదాపు ఉండదు, తేమ ఎనిమిది శాతం చుట్టుపక్కల ఉంటుంది. ముక్కలను వేడి నీటిలో నానబెట్టి, నురగతో వచ్చే నీళ్లను రెండు మూడుసార్లు పిండేసిన తర్వాత బరువు 280 గ్రాములు తూగిందనుకుందాం. అందులో ఘన పదార్థం 92 గ్రాములు, నీరు 188 గ్రాములు.

దీనికి మూడు టేబుల్ స్పూన్ల సోయా సాస్, 20 గ్రాముల బెల్లం, 10 గ్రాముల మిరియాలు, మిరప పొడి, వెల్లుల్లి పొడి వగైరా కలిపి, అంతా ముక్కలే పీల్చుకున్నాయనుకుందాం. సాస్ నుంచి సుమారు 17 గ్రాములు, బెల్లం నుంచి 19, పొడుల నుంచి 9 గ్రాముల ఘన పదార్థం చేరుతుంది. మొత్తం ఘన పదార్థం 137 గ్రాములు. ఎండబెట్టేటప్పుడు నీరు పోతుంది కానీ ఈ 137 గ్రాములు ఎక్కడికీ పోవు. తేమ 20 శాతానికి దిగాలంటే మిగిలిన బరువులో ఘన పదార్థం 80 శాతం ఉండాలి, 137ను 0.8తో భాగిస్తే 171 గ్రాములు వస్తుంది. వంటగది తూకం మీద పళ్లెం 171 చూపినప్పుడు తేమ 20 శాతానికి చేరినట్లు. గడియారం చెప్పలేని సంగతిని తూకం ఇలా చెబుతుంది, ఎందుకంటే ముక్క మందం, వాతావరణం, ఓవెన్ గుణం మారితే గంటలు మారతాయి, ఈ భాగహారం మారదు.

ఇదే లెక్క ఉప్పు గురించి కూడా ఒక విషయం బయటపెడుతుంది. మూడు టేబుల్ స్పూన్ల సాస్‌లో ఉండే ఉప్పు దాదాపు 6.9 గ్రాములు. ఎండబెట్టక ముందు ముక్కల్లో ఉన్న సుమారు 223 గ్రాముల నీటిలో అది మూడు శాతం ద్రావణం; చారు కంటే ఉప్పగా ఉంటుంది కానీ బ్యాక్టీరియాను ఆపలేదు. 171 గ్రాములకు ఎండిన తర్వాత మిగిలిన నీరు 34 గ్రాములే. ఉప్పు అంతే ఉంది, కానీ ఆ నీటిలో అది ఇప్పుడు 16 శాతం దాటింది, దానికి బెల్లం తోడైంది. అదే వ్యక్తి ముక్క మెత్తగా బాగుందని 228 గ్రాముల దగ్గర ఆపేస్తే తేమ 40 శాతం ఉంటుంది, ఉప్పు ద్రావణం ఏడు శాతం దగ్గరే ఉంటుంది. ఈ రెండు ముక్కలూ నోట్లో వేసుకుంటే జెర్కీలాగే ఉంటాయి. మొదటిది నిల్వ ఆహారం. రెండోది వండిన కూరతో సమానం, దాని చోటు ఫ్రిజ్‌లోనే. వంటకాల్లో కనిపించే వారం, నెలల తేడా చాలాసార్లు ఈ 57 గ్రాముల నీటి తేడాయే.

ఎండిందో లేదో చూసే పాత పరీక్షకు కూడా విలువ ఉంది, కాకపోతే ముక్క పూర్తిగా చల్లారాలి. వేడి మీద ప్రతి ముక్కా మెత్తగానే ఉంటుంది. చల్లారిన ముక్కను వంచితే పైన సన్నని పగుళ్లు పడి, లోపల పాలిపోయిన పీచు కనిపిస్తూ, రెండుగా తెగకుండా నిలవాలి. పగులు దగ్గర వేళ్లతో నొక్కినప్పుడు చెమ్మ చుక్కలు తేలితే ఇంకా ఎండాలి.

నమలడంలో పట్టు ఎక్కడి నుంచి వస్తుంది

మాంసంలో కండర పోగులు ఒకే దిశలో పేర్చి ఉంటాయి. వాటిని చుట్టి కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ ఉంటుంది. నీరు తీసేస్తే ఆ పోగులు దగ్గరగా బిగుసుకుని, నమిలితే ఈనెలుగా చీలతాయి. మొక్కల పదార్థాల్లో ఇలాంటి అమరిక సహజంగా ఉండదు కాబట్టి ప్రతిదానికీ వేరే ఉపాయం కావాలి.

మీల్ మేకర్‌లో ఆ ఉపాయం ఫ్యాక్టరీలోనే జరిగిపోయింది. సోయా పిండిని నీటితో కలిపి అధిక వేడి, ఒత్తిడి మధ్య యంత్రంలో నెడతారు. సన్నని రంధ్రం గుండా బయటపడగానే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై ముక్క ఉబ్బుతుంది, ప్రోటీన్ పొరలు పొరలుగా గడ్డకడుతుంది. ఈ పొరల వల్లే అది నానినా చెదరదు. గుండ్రటి ముక్కల కంటే పలకల్లా, చీలికల్లా ఉండే రకాలు జెర్కీకి బాగా ఒదుగుతాయి.

గోధుమ గ్లూటెన్‌ది మరో దారి. పిండి ముద్దను నీటిలో పిసుకుతూ గంజి భాగాన్ని కడిగేస్తే చేతిలో రబ్బరులా సాగే పదార్థం మిగులుతుంది. చైనాలో బౌద్ధ శాకాహార వంటల్లో దీన్ని శతాబ్దాలుగా మాంసానికి బదులు వాడుతున్నారు. పిసికినకొద్దీ దాని వల గట్టిపడుతుంది, మెలితిప్పి ఆవిరి మీద ఉడికిస్తే పోగుల్లాంటి అమరిక కూడా వస్తుంది. నాలుగింటిలో మాంసపు జెర్కీకి నమలడంలో అన్నింటికన్నా దగ్గరగా వచ్చేది ఇదేనని నా అభిప్రాయం. గోధుమ పడనివారు, సీలియాక్ వ్యాధి ఉన్నవారు మాత్రం దీని జోలికి పోకూడదు.

టోఫును గడ్డకట్టించి, కరిగించి, పిండితే లోపల ఏర్పడిన మంచు పలుకులు ఖాళీలు వదిలిపోతాయి. మసాలా ఆ ఖాళీల్లోకి ఇంకుతుంది. జపాన్‌లో కోయా టోఫు పేరుతో ఇలా గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫు ఎప్పటి నుంచో ఉంది. దీనిలో చిక్కు కొవ్వుతో వస్తుంది. 400 గ్రాముల గట్టి టోఫులో ఘన పదార్థం సుమారు వంద గ్రాములనుకుంటే, అందులో మూడో వంతు దాకా కొవ్వే. తేమ 25 శాతానికి ఎండబెట్టాక మిగిలే 133 గ్రాముల ముక్కల్లో దాదాపు నాలుగో వంతు కొవ్వు ఉంటుంది. కొవ్వు ఎండదు, గాలి తగిలి కారువాసన వేస్తుంది. మాంసపు జెర్కీకి కొవ్వు లేని భాగాలనే ఎంచుకోవడం కూడా ఈ కారణంతోనే. కొబ్బరి జెర్కీకీ, నూనె ఎక్కువగా కలిపి చేసిన ఏ జెర్కీకైనా ఇదే వర్తిస్తుంది: బూజు పట్టకపోయినా రుచి చెడుతుంది.

పుట్టగొడుగుల గోడలు కైటిన్ అనే పదార్థంతో తయారవుతాయి. వేడికి కూరగాయల్లా మెత్తబడిపోకుండా పట్టు నిలుపుకోవడానికి కారణం అదే. ముత్యపు చిప్ప పుట్టగొడుగును చేత్తో నిలువునా చీలిస్తే పోగులు సహజంగానే వస్తాయి. కానీ అందులో తొంభై శాతం నీరే. అరకిలో తాజా పుట్టగొడుగుల్లో ఘన పదార్థం 50 గ్రాములు, 20 శాతం తేమకు ఎండితే చేతికొచ్చేది మసాలా కాకుండా 62 గ్రాములు. పచ్చి పనస కాయ చీలికలు చూడటానికి మాంసాన్ని పోలి ఉన్నా, తాజా వంద గ్రాముల్లో ప్రోటీన్ రెండు మూడు గ్రాములకు మించదు. గోదావరి జిల్లాల పనస పొట్టు కూరలో ఆవకు, ఇంగువకు ఆ పొట్టు ఎంత అందంగా లొంగుతుందో తెలిసినవారికి దాని రుచి పీల్చే గుణం గురించి చెప్పనక్కర్లేదు; ప్రోటీన్ కోసం మాత్రం దాన్ని నమ్ముకోలేము.

"కూరగాయే కదా" అన్న ధీమా ఎంతవరకు సరైనది

అమెరికా వ్యవసాయ శాఖ మాంసపు జెర్కీ విషయంలో ఒక స్పష్టమైన సూచన చేస్తుంది: ఎండబెట్టే ముందే గొడ్డు మాంసాన్ని 71 డిగ్రీల సెల్సియస్‌కు, కోడి మాంసాన్ని 74 డిగ్రీలకు వేడి చేయాలి. కారణం తెలుసుకోదగినది. తడి ముక్క నుంచి నీరు ఆవిరవుతున్నంత సేపూ ఆ ముక్క చల్లబడుతూ ఉంటుంది. చుట్టూ గాలి 60 డిగ్రీలున్నా ముక్క మొదటి గంటల్లో అంతకంటే చాలా తక్కువ వేడిలోనే ఉండిపోతుంది. ముక్క నిజంగా వేడెక్కేసరికి దాని పైభాగం ఎండిపోతుంది, ఎండిన చోట సాల్మొనెల్లా, ఇ.కోలై వంటివి వేడిని మరింత ఓర్చుకుంటాయి. అందువల్ల యంత్రం మీద తిప్పిన అంకె చూసి సూక్ష్మజీవులు చచ్చాయని అనుకోలేము.

మాంసం లేనప్పుడు ఈ భయం అక్కర్లేదన్నది ఒక వాదన. అందులో నిజముంది: జంతువుల పేగుల నుంచి వచ్చే బ్యాక్టీరియా సోయా ముక్కల్లో, ఉడికించిన గ్లూటెన్‌లో సహజంగా ఉండదు, చిన్న పొరపాట్ల ప్రమాదం కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఎదుటి వాదనలోనూ బలముంది. నానిన సోయా, టోఫు ప్రోటీన్ నిండిన తడి పదార్థాలు, పులుపు లేనివి. మట్టి నుంచి ధాన్యాలకూ పప్పులకూ మసాలా పొడులకూ అంటుకుని వచ్చే బాసిల్లస్ సీరియస్ బీజాలు మామూలు ఉడుకుకు చావవు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటల తరబడి తడిగా ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. వాటి విషాల్లో ఒక రకం మళ్లీ వేడి చేసినా పోదు. స్టెఫిలోకాకస్ వండేవారి చేతుల నుంచే చేరవచ్చు.

రెండు వాదనలనూ తూచి చూస్తే తేలేది ఏమంటే, శాకాహార జెర్కీలో ప్రమాదం పదార్థంతో పాటు వచ్చేది తక్కువ, తయారీలో పుట్టేది ఎక్కువ. మసాలా పట్టించిన ముక్కలను రాత్రంతా ఊరబెట్టేది ఫ్రిజ్‌లోనా, వంటగది గట్టు మీదా అన్నది ఇక్కడ నిర్ణాయకం అవుతుంది. ఊరిన ముక్కలను ఎండబెట్టే ముందు ఒకసారి బాగా ఆవిరి మీద వేడెక్కించడం మాంసం కాకపోయినా అర్థవంతమైన పనే, ఎందుకంటే ఆ తర్వాత ఎండే గంటలు శుభ్రమైన స్థితి నుంచి మొదలవుతాయి. పుట్టగొడుగులకైతే ఇది మరింత అవసరం. వాటిని పచ్చిగా ఎండబెట్టి పచ్చిగానే నమలడం మంచిది కాదు.

ఎండ, ఓవెన్, డీహైడ్రేటర్

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న నేలలో, ఇంత ఎండ ఉండగా యంత్రమెందుకన్న ప్రశ్న సహజం. ఎండబెట్టేది వేడి ఒక్కటే కాదు, గాలిలోని పొడితనం కూడా. జార్జియా విశ్వవిద్యాలయంలోని ఇంటి ఆహార నిల్వ కేంద్రం పండ్లను ఎండలో ఆరబెట్టడానికి కనీసం 30 డిగ్రీల వేడి, 60 శాతం లోపు గాలి తేమ ఉండాలంటుంది. పులుపూ తీపీ తక్కువ కాబట్టి కూరగాయలకూ మాంసానికీ ఎండను సిఫారసు చేయదు. తెలంగాణలో మే నెల వడగాలి ఈ షరతును సులువుగా దాటుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో అంతే వేడి ఉన్నా సముద్రపు తేమ అడ్డుపడుతుంది.

మన ఒరుగులు తరాలుగా ఎండలోనే ఎండుతున్నాయి కదా అన్న ఆక్షేపణకు సమాధానం ఉంది. వాటిని పలచగా కోస్తాం, ఉప్పు పట్టిస్తాం, రోజులు పట్టినా గలగలలాడేదాకా వదలం, తర్వాత నూనెలో వేయిస్తాం. జెర్కీకి ఈ చివరి రెండు రక్షణలూ లేవు. నానిన సోయా ముక్కల్ని మేడ మీద పరిస్తే, సాయంత్రం లోపలికి తెచ్చినప్పుడు సగం తడితో ఉన్న ముక్క రాత్రంతా గోరువెచ్చని గదిలో ఉంటుంది. మళ్లీ మరుసటి పగలు కోసం వేచి ఉండే ఆ పన్నెండు గంటలే సమస్య.

ఓవెన్‌లో ఉన్న చిక్కు దీనికి తిరగబడినది. కొన్ని ఓటీజీల్లో కనిష్ఠ వేడి వంద డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. అంత వేడికి ముక్క పైభాగం ముందే గట్టిపడి పెచ్చు కడుతుంది, లోపలి నీరు బయటికి రాలేక చిక్కుకుంటుంది. తాకితే ఎండినట్లే ఉంటుంది. డబ్బాలో పోసిన రెండు మూడు రోజులకు ఆ నీరు మెల్లగా పైకి చేరి, గట్టిగా ఉన్న ముక్కలు మెత్తబడి, మూత లోపల చెమ్మ పడుతుంది. బెల్లం ఎక్కువగా పట్టించిన ముక్కల్లో ఈ పెచ్చు ఇంకా త్వరగా ఏర్పడుతుంది. గంటన్నరలో అయిపోతుందని చెప్పే వంటకాలు ఎక్కువగా ఈ రకానివే. అవి రుచిగానే ఉంటాయి, ఆ రోజో మర్నాడో తినడానికి సరిపోతాయి. ఎయిర్ ఫ్రయ్యర్ విషయం కూడా ఇంతే, దానిలో వేడి తగ్గించే సదుపాయం ఉంటే తప్ప. డీహైడ్రేటర్ 55 నుంచి 70 డిగ్రీల మధ్య గాలిని నిలకడగా ఆడిస్తుంది, పెచ్చు తక్కువ, సమయం ఎక్కువ. ముక్క మందం అర సెంటీమీటరు దాటకుండా ఉంటే ఏ సాధనంలోనైనా ఈ ఇబ్బందులు తగ్గుతాయి.

ఆరోగ్యం గురించి వినబడే వాదనలు

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఆ మాంసాలకు ఇచ్చిన ఉదాహరణల్లో జెర్కీ, బిల్టాంగ్ పేర్లు ఉన్నాయి. శాకాహార జెర్కీ ఆ జాబితా కిందికి రాదు, దానికి రంగు నిలపడానికి నైట్రైట్ కూడా అక్కర్లేదు. ఇది దాని పక్షాన నిలిచే గట్టి వాదన.

ఎదుటి పక్షం అతిగా ప్రాసెస్ చేసిన ఆహారం గురించి మాట్లాడుతుంది. మీల్ మేకర్ యంత్రంలో రూపం మారిన పదార్థమే. అయితే ఇంట్లో పుట్టగొడుగులతోనో టోఫుతోనో చేసినదాన్ని ఆ గాటన కట్టడం కుదరదు. ఏ పక్షం వారైనా తప్పించుకోలేనిది ఉప్పు. పై లెక్కలో 171 గ్రాముల జెర్కీలో 2,700 మిల్లీగ్రాముల సోడియం ఉంది. ముప్పై గ్రాములు, అంటే గుప్పెడు, తింటే సుమారు 470 మిల్లీగ్రాములు. రోజుకు 2,000 మిల్లీగ్రాములు మించరాదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులో అది దాదాపు నాలుగో వంతు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా రోజుకు ఐదు గ్రాముల ఉప్పునే హద్దుగా చెబుతాయి. ఆవకాయ, అప్పడం ఉన్న భోజనానికి ఈ గుప్పెడు అదనం.

ప్రోటీన్ పరిమాణంతో పాటు నాణ్యత కూడా చూడాలి. జీర్ణమయ్యే తీరును, అమైనో ఆమ్లాల కూర్పును కలిపి లెక్కించే పాత కొలమానంలో సోయా ప్రోటీన్‌కు ఒకటికి దగ్గరగా మార్కు వస్తే, గోధుమ గ్లూటెన్‌కు 0.25 వస్తుంది, కారణం లైసిన్ అనే అమైనో ఆమ్లం కొరత. పప్పులో లైసిన్ దండిగా ఉంటుంది కాబట్టి పప్పన్నం తినే ఇంట్లో ఇది పెద్ద లోటు కాదు. సోయా వల్ల మగవారిలో హార్మోన్లు తారుమారవుతాయన్న భయానికి, అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణల్లో ఆధారం దొరకలేదు. థైరాయిడ్ మాత్రలు వాడేవారి సంగతి వేరు: సోయా ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించగలదు, కాబట్టి రెండింటి మధ్య కొన్ని గంటల ఎడం గురించి వైద్యుడిని అడగడం అవసరం.

నిల్వ గడువుల్లో తేడా, అమ్మకం దగ్గర వచ్చే పరీక్ష

ఇంట్లో చేసిన మాంసపు జెర్కీ గురించి అమెరికా సంస్థలే ఒక మాట మీద లేవు. పైన చెప్పిన జార్జియా కేంద్రం మూత బిగించి బయట పెడితే రెండు వారాలంటుంది, వ్యవసాయ శాఖ ఒకటి రెండు నెలలంటుంది. రెండూ పరీక్షించిన పద్ధతిలో, తగినంత ఎండిన మాంసానికి చెప్పినవి. వంటకాన్ని బట్టి ఉప్పూ తీపీ కొవ్వూ మారిపోయే శాకాహార జెర్కీకి అలాంటి ఉమ్మడి గడువు లేదు. తూకం లెక్క ప్రకారం 20 శాతం దగ్గరికి ఎండిన సోయా ముక్కకు, నూనె పట్టించిన టోఫు ముక్కకు ఒకే తేదీ వేయలేము. ఇంట్లో జల క్రియాశీలతను కొలిచే వీలు లేదు కనుక, వంగే ప్రతి జెర్కీనీ ఫ్రిజ్‌లో పెట్టి వారం పది రోజుల్లో తినడం, ఎక్కువ ఉంటే డీప్ ఫ్రీజర్‌కు మార్చడం నాకు సబబుగా తోస్తుంది. బయటే నిల్వ ఉండాలంటే దాన్ని ఒరుగులా పూర్తిగా ఎండబెట్టాలి. అప్పుడది నమిలే జెర్కీ కాదు.

గాలి తీసేసిన ప్యాకింగ్ ఈ లెక్కను మారుస్తుందా అన్నది తరచుగా వచ్చే సందేహం. అది బూజును, కారువాసనను ఆలస్యం చేస్తుంది. అయితే బొట్యులినం గాలి లేని చోటే పెరిగేది. ముక్క సరిగా ఎండి ఉంటే దానికి నీరు దొరకదు కనుక ప్రమాదం లేదు. 40 శాతం తేమతో ఉన్న మెత్తటి ముక్కను గాలి తీసేసి అల్మారాలో పెడితే దానికి అనుకూలమైన చోటే ఇచ్చినట్లు. శ్రావణంలో తీరపు గాలికి డబ్బా మాటిమాటికీ తెరిస్తే, బాగా ఎండిన ముక్కలు కూడా చెమ్మ లాగి పాత స్థితికి వస్తాయి.

ఇంటి అవసరం దాటి, పచ్చళ్లలాగా జెర్కీని ప్యాకెట్లు కట్టి అమ్మాలనుకునేవారికి ఎంత చిన్న వ్యాపారమైనా ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. ప్యాకెట్ మీద వీగన్ అని వేయాలంటే 2022 నాటి వీగన్ ఆహార నిబంధనలు కూడా వర్తిస్తాయి. తేదీ వేయాలంటే ఊహ చాలదు. గుర్తింపు పొందిన ఆహార పరీక్షా ప్రయోగశాలలో జల క్రియాశీలతను కొలిపించుకోవాలి. వచ్చిన అంకె ఆ వంటకానికి, ఆ మందానికి, ఆ తూకం దగ్గర ఆపిన ముక్కకు మాత్రమే చెల్లుతుంది. బెల్లం తగ్గించినా, సోయా సాస్ బ్రాండు మార్చి ఉప్పు తక్కువ రకం వాడినా, ముక్క మందం పెంచినా మళ్లీ కొలిపించుకోవాల్సిందే.